లీటరు నూనె కిలో కాదు: ఒక టీచరు ఒప్పుకోలు

గత టర్మ్‌లో ఐదో తరగతి వర్క్‌షీట్‌లో నేనే ఒక ప్రశ్న రాశాను. "ఒక డబ్బాలో 15 కిలోల నూనె ఉంది. అర లీటరు సీసాలు ఎన్ని నిండుతాయి?" నా కీలో జవాబు 30. క్లాసంతా 30 అనే రాశారు. ఒక్క బాబు మాత్రం "32 నిండుతాయి, 33వది కొంచెం వెలితి" అని రాశాడు. ఎర్ర పెన్నుతో తప్పు పెట్టేశాను.

పేరెంట్స్ మీటింగ్‌కి వాళ్ల నాన్నగారు వచ్చారు. తగరపువలసలో బజ్జీల బండి నడుపుతారు. "మేడమ్, ఏమీ అనుకోకండి. 15 కిలోల డబ్బా తెచ్చి సీసాల్లో పోసుకునేది మేమే. బుడ్డోడు పక్కనే కూర్చుని లెక్కపెడతాడు" అన్నారు. ఆ రాత్రి లెక్క వేసి చూశాను. తప్పు నాదే.

కిలో బరువుకు కొలత. లీటరు ఆక్రమించే చోటుకు కొలత. నీటి విషయంలో ఈ రెండూ దాదాపు సమానం కాబట్టి అన్నిటికీ అంతే అనుకుంటాం. కానీ నూనె నీటికంటే తేలిక, అందుకే నీళ్లమీద తేలుతుంది. లీటరు వంటనూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. లీటర్లను కిలోలు చేయాలంటే 0.91తో గుణించాలి, కిలోలను లీటర్లు చేయాలంటే 0.91తో భాగించాలి. 15ని 0.91తో భాగిస్తే దాదాపు 16.48 లీటర్లు. అంటే 32 సీసాలు నిండి, 33వ దాంట్లో సుమారు 480 మిల్లీలీటర్లు పడతాయి. బాబు రాసిందే నిజం.

మన అమ్మమ్మల కాలంలో గిద్ద, సోల, తవ్వ, మానిక ఉండేవి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. పాత్ర చేతిలో ఉండేది కాబట్టి కొలత కంటికి కనిపించేది. ఇప్పుడు కొలత ప్యాకెట్టు వెనక చిన్న అక్షరాల్లో ఉంది. మనం చదవం. పైగా లీటరు ప్యాకెట్టునే "కిలో నూనె" అని అడుగుతాం.

ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. వేడికి నూనె వ్యాకోచిస్తుంది. 21 డిగ్రీల దగ్గర లీటరు సోయా నూనె 919 గ్రాములైతే, 60 డిగ్రీల దగ్గర అదే లీటరు 892.6 గ్రాములే. కొన్ని కంపెనీలు ఎక్కువ ఉష్ణోగ్రత చూపి లీటరు అని ముద్రిస్తుండటంతో, 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కలగజేసుకుంది. ఉష్ణోగ్రత ప్రస్తావన తీసేసి, లీటర్లతోపాటు బరువు కూడా సరిగ్గా ముద్రించాలని చెప్పి 2023 జనవరి 15 వరకు గడువిచ్చింది. సైన్సు పాఠం తెలియకపోతే నష్టపోయేది మన వంటిల్లే.

ఒక చిన్న లెక్క చూడండి. 910 గ్రాముల ప్యాకెట్టు 150 రూపాయలు, 850 గ్రాములది 144 రూపాయలు అనుకుందాం. రెండోది చవకలా కనిపిస్తుంది. వంద గ్రాములకు చూస్తే మొదటిది రూ.16.48, రెండోది రూ.16.94. అంటే చవక అనుకున్నదే ఖరీదు!

మా పిల్లలు "వన్ లీటర్ ఈజ్ ఈక్వల్ టు థౌజండ్ మిల్లీలీటర్స్" అని నిద్రలో లేపినా చెబుతారు. అదే పిల్లల చేతిలో రెండు ప్యాకెట్లు పెట్టి ఏది లాభం అంటే చాలామంది తెల్లమొహం వేస్తారు. ఈ లోపం పిల్లలది కాదు. మార్కుల కోసం వర్క్‌షీట్లు నింపించే మాది, కిరాణా కొట్టుకు పంపితే చదువు పాడవుతుందనుకునే మీది కూడా.

అందుకే నాదొక మనవి. ఈ నెల సరుకులకు పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. ప్యాకెట్టు మీది మిల్లీలీటర్లు, గ్రాములు, ధర వాళ్లతోనే చదివించండి. ఇంటికొచ్చాక కొలగ్లాసుతో వంద మిల్లీలీటర్ల నీళ్లు, వంద మిల్లీలీటర్ల నూనె తూచనివ్వండి. ఏది ఎంత తూగిందో నోట్‌బుక్‌లో రాయించి పంపండి, క్లాసులో చర్చిస్తాం.

ఆ బాబు పేపరు వెనక్కి తీసుకుని మార్కు వేశాను. క్లాసు ముందు నా తప్పు ఒప్పుకుని, బోర్డు మీద ఆ లెక్క వాడి చేతే చేయించాను.