ఖాళీగా ఉందని ఎవరన్నారు?

దీపావళి దగ్గర పడిందంటే మన పేటల్లో రెండు పనులు మొదలవుతాయి. ఒకటి, చీటీ ఎత్తి పిల్లలకు గుడ్డలు కొనడం. రెండోది, మంచం కింద ఉన్న ట్రంకుపెట్టెను, బియ్యం డబ్బాను అటక మీదికి ఎక్కించడం. పులియంతోపు, పట్టాళం, ఓట్టేరి, వ్యాసర్పాడి... వానాకాలం టీవీ వార్తల్లో ఈ పేర్లు వినపడని ఏడాది నాకు గుర్తులేదు. గణేశపురం సబ్‌వేలో నీళ్ళు నిలిచాయంటే వానలు మొదలైనట్టేనని పెరంబూరంతా లెక్క.

"పెద్ద కాలవ కట్టిస్తే సరిపోతుంది గదన్నా, నువ్వేంది ఎప్పుడు చూసినా చెరువులూ చెట్లూ అంటావు?" అని టీకొట్టు దగ్గర ఒక తమ్ముడు అడిగాడు. ఈ నెల ఆ తమ్ముడికే జవాబు రాస్తున్నాను. కాలవ కావాలి, ఎవరూ కాదనలేదు. కానీ కాలవ అంటే నీళ్ళు నడిచే దారి, అంతే. నడిచిన నీళ్ళు పోయి ఎక్కడో ఒకచోట కూర్చోవాలి గదా. ఆ కూర్చునే చోట ఇళ్ళు, గోడౌన్లు, కల్యాణ మండపాలు లేచాక కాలవ ఎంత వెడల్పుంటే ఏం లాభం? సముద్రం పోటు మీద ఉన్న రాత్రి కాలవ నీళ్ళు ముందుకు పోవు, మన వాకిట్లోకే తిరిగొస్తాయి.

ఇంజనీర్లు ఇప్పుడు 'గ్రీన్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్' అనే మాట వాడుతున్నారు. మాట కొత్తది, సంగతి పాతది. రోడ్డు, కరెంటు, మంచినీళ్ళ పైపు ఊరికి ఎట్లా వసతులో, చెరువు, వాగు, చిత్తడి నేల, చెట్ల తోపు కూడా అట్లాంటి వసతులే అని దాని అర్థం. ఊరికి ప్లాను గీసేటప్పుడే వీటికి చోటు రాసిపెట్టాలి. నెల్లూరు, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన మన పెద్దవాళ్ళకు ఇది ఒకరు చెప్పక్కర్లేదు. పై చెరువు నిండితే కలుజు మీద పొర్లి కింది చెరువుకు పోయేది, అది నిండితే దాని కిందిదానికి. తూము తెరిచేదానికి, మూసేదానికి నీరుగంటి ఉండేవాడు. నడిమధ్యలో ఒక చెరువు పూడిస్తే పైవాడికీ కిందివాడికీ చేటేనని చిన్నపిల్లకు కూడా తెలుసు. ఈ మద్రాసు చుట్టూ ఉన్నదీ అదే ఏర్పాటు. తమిళంలో ఏరి అన్నారు, మనం చెరువు అన్నాం.

ఊళ్ళ పేర్లే సాక్ష్యం చెబుతాయి. రెట్టేరి అంటే జంట చెరువులు. అయ్యప్పన్‌తాంగల్, పళవన్‌తాంగల్ పేర్లలో తాంగల్ అంటే చిన్న చెరువు, మన కుంట లాంటిది. నుంగంబాక్కంలో ట్యాంక్ బండ్ రోడ్డు ఉంది, లేక్ ఏరియా ఉంది. పడమటి మాంబళంలో లేక్ వ్యూ రోడ్డు ఉంది. లేనిది చెరువే. లాంగ్ ట్యాంక్ అని పొడుగాటి చెరువు ఆ వైపంతా సాగి ఉండేది. 1920లలో మాంబళం వైపు నీళ్ళు తీసేసి, ఇళ్ళ స్థలాలు వేసి, ఇప్పుడు మనం పండగ గుడ్డలు కొనడానికి పోయే టి. నగర్ కట్టారు. 'టి' అంటే పిట్టి త్యాగరాయ చెట్టి. నడిమధ్యలో పార్కుకు పానగల్ రాజా పేరు. ఇద్దరూ జస్టిస్ పార్టీ పెద్దలు, ఇద్దరూ తెలుగువాళ్ళే. నుంగంబాక్కం వైపు మిగిలిన చెరువూ తర్వాత పోయింది. 1976లో తెరిచిన వళ్ళువర్ కోట్టం ఆ చెరువు నేల మీదే నిలబడి ఉంది.

అయితే టి. నగర్ వాళ్ళకు ప్లాను గీసి, వీధులు వెడల్పుగా వేసి, పార్కులు పెట్టి ఇచ్చారు. మన వైపు ఎవరు గీశారు? బకింగ్‌హామ్ మిల్లు 1870లలో, కర్నాటిక్ మిల్లు 1880లలో వచ్చాయి. వేలమంది పనికి వచ్చారు. మిల్లు సైరన్ వినపడే దూరంలో, అద్దె తక్కువైన చోట గుడిసెలు వేసుకున్నారు. అద్దె తక్కువైన చోటు అంటే పల్లమే గదా. వ్యాసర్పాడిలో చెరువు ఉండేది, కొడుంగైయూరులో చెరువు ఉండేది. కొడుంగైయూరు అంటే ఇప్పుడు గుర్తొచ్చేది చెత్తకొండ. ఈ మహానగరానికి ఉన్న రెండు పెద్ద చెత్త దిబ్బల్లో అది ఒకటి. రెండోది పెరుంగుడి, పళ్ళికరణై చిత్తడి నేలలోనే. నీళ్ళుండే చోటు పనికిరాని చోటు అనుకోవడం ఈ ఊరికి పాత రోగం.

నాకు 'ఖాళీ స్థలం' అనే మాట మీదే కోపం. మా వీధి వెనక ఒక పల్లం ఉండేది. తుమ్మ చెట్లు, గుర్రపు డెక్క, నాలుగు గేదెలు. ఎవరైనా అడిగితే మేమూ ఖాళీ స్థలమనే చెప్పేవాళ్ళం. ఒక వేసవిలో రాత్రిళ్ళు లారీలు వచ్చి మట్టి పోసిపోయాయి. ఎవరి పనో పేరు రాయను. మూడు నెలల్లో ఆ పల్లం మా వీధికన్నా రెండడుగులు ఎత్తయింది. ఆ ఏడు కార్తీకంలో నీళ్ళు ఎప్పుడూ రాని ఇళ్ళలోకి కూడా వచ్చాయి. ఆ పల్లం ఏ రోజూ ఖాళీగా లేదు. వానాకాలమంతా కూలి లేకుండా మా కోసం డ్యూటీ చేసింది.

ఎంత డ్యూటీ చేసిందో లెక్క వేద్దాం. మిల్లులో నూలు లెక్క రాసినవాళ్ళకు ఇది కష్టం కాదు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 10 సెంటీమీటర్ల వాన పడితే ఎకరా మీద 4 లక్షల లీటర్ల నీళ్ళు. ఇప్పుడు ఒక ఎకరా కుంటను 2 మీటర్ల లోతు తవ్వితే అందులో 80 లక్షల లీటర్లు పడతాయి. అంటే 20 ఎకరాల పేట మీద కురిసిన 10 సెంటీమీటర్ల వానను ఒక్క ఎకరా మింగేస్తుంది. 12,000 లీటర్ల ట్యాంకరు లారీలతో కొలిస్తే 670 లారీలు చిల్లర. ఆ పని పంపుసెట్లు పెట్టి చేయాలంటే ఎంత డీజిలు కావాలో మీరే చెప్పండి.

2015 డిసెంబరు 1న మొదలైన ఆ వాన ఎవరు మరిచిపోతారు? ఒక్క రోజులో తాంబరంలో 49 సెంటీమీటర్లు కురిసింది. అంత వానకు ఏ కుంటా చాలదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ మన పేటలు మునిగేదానికి అంత వాన అక్కర్లేదు, పది సెంటీమీటర్లు చాలు. ఆ పదిని ఆపేదానికే కుంటలు. ఇంకో సంగతి చూడండి. అంత వరద చూసిన ఊరు నాలుగేళ్ళు తిరక్కుండానే బిందెలు పట్టుకుని రోడ్డెక్కింది. 2019 జూలై 12న జోలార్‌పేట నుంచి 50 వాగన్లలో 25 లక్షల లీటర్లు రైల్లో తెచ్చారు. ఇందాకటి ఎకరా కుంటలో పట్టేది అట్లాంటి రైళ్ళు మూడింటి నీళ్ళు. కుంట నీళ్ళు నేరుగా తాగలేం, నిజమే. కానీ మన బోరుకు, చేతిపంపుకు దిగేది అవే. 2003లో ప్రతి ఇంటికీ వాననీటి గుంట తప్పనిసరి చేశారు. మంచి చట్టమే, కానీ ఇంటింటి గుంట చేసే పని వేరు, పేట కుంట చేసే పని వేరు.

చిత్తడి నేలలు, కాలవలు సముద్రాన్ని కూడా ఆపుతాయి. మన ఆంధ్ర తీరం నుంచి మద్రాసు దాటి మరక్కాణం దాకా పోయే బకింగ్‌హామ్ కాలువ ఉంది గదా, ఒకప్పుడు కట్టెలు, ఉప్పు, ధాన్యం పడవల్లో వచ్చిన కాలువ. 2004 సునామీ అలల నీటిని అది చాలా దూరం తనలోకి తీసుకుని వెనకున్న ఊళ్ళకు దెబ్బ తగ్గించిందని శాస్త్రవేత్తలు రాశారు. ఊరి నడుమ అదే కాలువలో స్తంభాలు పాతి పైన లోకల్ రైలు నడిపారు. ఓట్టేరి నాలా నీళ్ళు పోయి చేరేదీ ఆ కాలువలోకే.

ఇంత చెప్పాక ఒక చేదు మాట కూడా రాయాలి. 'నీళ్ళ జాగా కాపాడాలి' అని సర్కారు లేచినప్పుడల్లా బుల్‌డోజరు ముందు వచ్చేది మన గుడిసె మీదికే. కూవం, అడయారు గట్ల మీద నుంచి వేల కుటుంబాలను లేపి ఎక్కడికి పంపారు? పెరుంబాక్కం, సెమ్మంచేరి. పాచిపని చేసుకునే ఆడవాళ్ళకు పనిచేసే ఇళ్ళు పాతికా ముప్పై కిలోమీటర్ల దూరమైపోయాయి. పోనీ మెరక మీద పెట్టారా అంటే, పెరుంబాక్కం ఉన్నది పళ్ళికరణై చిత్తడి పక్కనే. వానొస్తే అక్కడా నీళ్ళే. ఆ పళ్ళికరణైకి 2022లో రాంసార్ గుర్తింపు వచ్చింది, అంటే ప్రపంచం కాపాడుకోవాల్సిన చిత్తడి నేలల్లో ఒకటని. గొప్పే. కానీ దాని మీద లేచిన పెద్ద పెద్ద ఆఫీసులను, రైలు స్టేషనును ఎవరూ లేపలేదు. నీళ్ళ జాగా కాపాడడం అంటే ముందు పేదవాడిని లేపడం అనుకునే ప్లానుకు నేను చెయ్యెత్తను. లేపక తప్పకపోతే అదే పేటలో, మెరక మీద, పనికి నడిచిపోయే దూరంలో ఇల్లు ఇచ్చి లేపాలి.

నీళ్ళ జాగా, కష్టజీవి బతుకు రెండూ కలిసి ఉండవా అంటే కలకత్తా వైపు చూడండి. అక్కడి జూట్ మిల్లుల్లో మనవాళ్ళు తరాలుగా ఉన్నారు, చుట్టాలున్నవాళ్ళు అడిగి తెలుసుకోవచ్చు. ఊరికి తూర్పున 12,500 హెక్టార్ల చిత్తడి నేల ఉంది. కలకత్తా మురుగునీళ్ళు అక్కడి చెరువుల్లోకి పోతాయి. ఎండకు, నాచుకు మురుగు విరిగిపోతుంది, ఆ నాచు తిని చేపలు పెరుగుతాయి, మిగిలిన నీళ్ళతో కూరగాయలు, వరి పండుతాయి. వేలమందికి అదే జీవనం. 2002లోనే దానికి రాంసార్ గుర్తింపు వచ్చింది. అదంతా నిలబెట్టింది అక్కడి చేపలవాళ్ళు, రైతులు. వాళ్ళను లేపేస్తే ఆ చెరువులూ ఉండవు.

"కుంట ఉంటే దోమలు గదన్నా, పిల్లకాయలు పడిపోతారు గదా" అని అక్కలు అడుగుతారు. న్యాయమైన మాటే. చాలాచోట్ల కుంటలు పూడ్చమని అర్జీ పెట్టింది మనవాళ్ళే. దోమ పుట్టేది ఎక్కువగా మురుగు కలిసి, చెత్త తేలి, కదలకుండా నిలిచిన నీళ్ళలో. చేపలున్న శుభ్రమైన కుంటలో పిల్లదోమలను చేపలే తింటాయి. కాబట్టి కుంట అడిగేటప్పుడు డ్రైనేజీ పైపు అందులో కలపకూడదని, చుట్టూ కంచె వేయాలని, పూడిక తీసే మనిషికి జీతం పెట్టాలని కలిపి అడగాలి. 2022 తర్వాత కార్పొరేషన్ వాళ్ళు కొన్ని పార్కుల్లో పల్లం గుంటలు తవ్వి 'స్పాంజ్ పార్కు'లు అంటున్నారు. 2024లో గిండీ రేసుకోర్సు స్థలాన్ని సర్కారు వెనక్కి తీసుకుని, అందులో కుంటలు తవ్వించింది. సంతోషం. మన ఉత్తరం వైపుకీ అంత శ్రద్ధ రావాలని అడిగేదానికి మనకు హక్కు ఉంది. చెట్లు నాటేటప్పుడు కూడా వేప, కానుగ, నేరేడు నాటమందాం. 2016 వర్ధా తుపానులో వేలాది చెట్లు పడ్డాయి, పైపై వేళ్ళ పూలచెట్లు ఎట్లా కూలాయో చూశాం.

ఇక కాగితాల సంగతి. 1996లో మూతపడిన మన మిల్లు నేల మీద ఇప్పుడు అపార్టుమెంట్లు లేస్తున్నాయి. తమిళనాడు కట్టడాల నిబంధనల ప్రకారం, 3,000 చదరపు మీటర్లు దాటిన స్థలంలో కట్టేవాళ్ళు రోడ్లు పోను 10 శాతం బయలుగా వదిలి రాసివ్వాలి. దాన్ని 'ఓ.ఎస్.ఆర్.' భూమి అంటారు. 10,000 చదరపు మీటర్లు దాటితే దానికి బదులు డబ్బు కట్టి తప్పించుకునే వీలు లేదు. ఆ 10 శాతం ఎక్కడ వదిలారన్నదే అసలు ప్రశ్న. మెరక మూలలో వదిలి గడ్డి పరిచి, సిమెంటు ఏనుగు బొమ్మ పెడితే మన వీధికి ఒరిగేది ఏమీ లేదు. అందరికన్నా పల్లంలో వదిలి, కుంట తవ్వితేనే ఉపయోగం.

సి.ఎం.డి.ఏ. వెబ్‌సైటులో ఊరి పేరు, సర్వే నంబరు కొడితే ఆ స్థలం మాస్టర్ ప్లానులో ఏ వాడకం కింద ఉందో కనిపిస్తుంది. ఇంట్లో చదువుకున్న పిల్లల చేత చూపించుకోండి. ఇప్పుడున్నది 2008లో అమలైన రెండో ప్లాను, మూడోదానికి పని నడుస్తోంది. మీ పేట పక్కన ఏరి, కుళం, వాయ్‌కాల్ అని రాసి ఉన్న పోరంబోకు ఏదైనా ఉంటే ఆ నంబరు రాసిపెట్టుకోండి. వార్డు ఏరియా సభ పెట్టినప్పుడు నంబరుతో సహా చదివి, మినిట్స్‌లో ఎక్కించమని అడగండి. జవాబు రాకపోతే 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి సమాచార హక్కు కింద తెల్లకాగితం మీద అర్జీ పెట్టొచ్చు. తమిళంలో రాసేదానికి ఇబ్బంది ఉన్నవాళ్ళు రెండో ఆదివారం పొద్దున మన సంఘం గదికి రండి, నేనుంటాను. వచ్చేటప్పుడు ఇంటి పత్రం జిరాక్సు తీసుకురండి, సర్వే నంబరు అందులోనే దొరుకుతుంది.