శస్త్రచికిత్స తరువాతి చికిత్స

భుజమునకు శస్త్రచికిత్స జరిగి, కుట్లు విప్పి, రోగి ఇల్లు చేరినంతనే కార్యము ముగిసినదని తలంచుట మన కుటుంబములలో పరిపాటియైనది. బంధువులు పండ్లతో వచ్చి, "ఇక చేయి కదపకుము" అని హితవు చెప్పి పోవుదురు. ఆరు మాసములు గడచినను ఆ చేయి తలపైకి లేవకున్నచో అందరును డాక్టరును నిందింతురు. డాక్టరుల పక్షమున వాదించుట మా ఉద్దేశము కాదు. కాని ఇట్టి సందర్భములలో లోపము తరచు ఇంటిలోనిదే యని మా నమ్మకము.

శరీరమందలి కీళ్లన్నింటిలోను అత్యధికముగ తిరుగునది భుజము. అట్లు తిరుగుటకై దాని గుంట మిక్కిలి లోతు తక్కువగా నున్నది. బంతివంటి ఎముకను అందు నిలిపియుంచునవి ముఖ్యముగ నాలుగు కండరములు. నారవంటి వాని కొసలు ఎముకకు అంటుకొనియుండును. దీనినే రొటేటర్ కఫ్ అందురు. అది చినిగినపుడు శస్త్రవైద్యుడు ఎముకలో చిన్న మేకులవంటివి అమర్చి, దారములతో దానిని స్వస్థానమున బిగించును. బిగించుట ఆయన పని; అతుకుకొనుట శరీరము పని. అది కొంత గట్టిపడుటకే ఇంచుమించు 12 వారములు పట్టును. అందుచేతనే సాధారణముగ 4 నుండి 6 వారములు చేతిని స్లింగులో నుంతురు. ఆ కాలమున ఆ చేతితో బరువు లేపుట, తన బలముతో దానిని పైకెత్తుట కూడదు. అట్లని ఊరకుండుటయు కాదు. మోచేయి, మణికట్టు, వ్రేళ్లు కదలుచుండవలెను. వైద్యుడు అనుమతించిన పిమ్మట నడుము వంచి, చేతిని వ్రేలాడదీసి, గడియారపు లోలకమువలె మెల్లగా ఊపవలెను. బోస్టను నగరపు శస్త్రవైద్యుడు కాడ్మన్ పేరనే ఈ వ్యాయామము నేటికిని పిలువబడుచున్నది. ఈ చినుగును కుట్టి నయము చేసిన తన అనుభవమును ఆయన 1911లోనే ప్రకటించెను.

గృహయజమానికి ఈ చికిత్స జరిగినచో మంచినీళ్ల గ్లాసు సైతము నోటికందింతురు, స్లింగు విప్పవలసిన గడువు దాటినను విప్పనీయరు, కీలు బిగిసిపోవును. మధుమేహము గలవారికి ఈ బిగువు మరింత సులభముగ వచ్చును. ఇల్లాలికి జరిగినచో మూడవ వారముననే గ్రైండరు రాయి ఎత్తించు ఇండ్లను మేమెరుగుదుము. కుట్టినది తిరిగి తెగుటకు అంతకుమించి యేమి కావలెను?

పుత్తూరు కట్టును తలచుకొను పెద్దలు తమిళదేశమందలి మన యిండ్లలో నేటికిని కలరు. విరిగిన ఎముక సంగతి వేరు, కుట్టిన కండరపు కొస సంగతి వేరు. నూనె పట్టించి చేతిని గుంజించుట ఈ స్థితిలో ప్రమాదకరము.

మగ్గము నేయువారి చిక్కు ఇంకొకటి. నొప్పి ముందు తగ్గును; బలము చాల ఆలస్యముగ వచ్చును. బలము పెంచు వ్యాయామములు మొదలగుటయే దాదాపు 3 మాసముల పిమ్మట. చేయి పూర్తిగ పనికి వచ్చుటకు 6 మాసములు మొదలు సంవత్సరము పట్టవచ్చును. అంతకాలము కూలి పోగొట్టుకొని, ఫిజియోథెరపీకి రోజురోజు రుసుము చెల్లించుట యెట్లు? ప్రతిదినము పోనక్కరలేదు. వారమున కొకటి రెండు సార్లు పోయి, నేర్చుకొని, తక్కినది ఇంట చేయవచ్చునా యని వైద్యులనే నిస్సంకోచముగ అడుగుడు. గోడపై వ్రేళ్లతో ప్రాకించుటకు గోడయు, రెండవ చేతి సాయముతో త్రిప్పుటకు కర్రయు చాలును.

భాష విషయమును ఇచట విడువజాలము. చికిత్స చేయువారు ప్రతిదినము అడుగునది నొప్పిని గురించియే. బరంపురమున ఒడియాలో, కోయంబత్తూరున తమిళములో, బళ్లారిలో కన్నడములో అడుగుదురు. మన ముసలివారు అంగడిలోను బస్సులోను ఆ భాషలు చక్కగ మాటలాడుదురు. కాని దేహబాధ చెప్పవలసివచ్చినపుడు తెలుగే నోటికి వచ్చును. లాగుట వేరు, సలుపు వేరు, పోటు వేరు, తిమ్మిరి వేరు. వ్యాయామమున కొంత లాగుట సహజము. పోటు పొడిచినచో ఆపవలెను. తిమ్మిరి విడువకున్నచో వైద్యునికి తెలుపవలెను. ఇవన్నియు 'నొప్పి' అను ఒక్క మాటలో కలిసిపోయినచో అవతలివారు అవసరమునకు మించి త్రిప్పుదురు, లేదా భయపడి మానుదురు. రెండు భాషలును వచ్చిన మనుమడో మనుమరాలో మొదటి కొన్ని దినములైన వెంటబోవుట మంచిది.

వ్యాయామముల కాగితము సైతము చాలచోట్ల ఆంగ్లములోనో స్థానిక భాషలోనో యుండును. అది చదువలేని పెద్దలకు తెలుగు లిపియు రాకపోవచ్చును. కావున అక్షరములకంటె బొమ్మలే మేలు. మన సంఘశాఖలు స్థానిక ఫిజియోథెరపిస్టులచే సరిచూపించి, పెద్ద బొమ్మలతోను, ఈ నొప్పి మాటలకు ఆయా ప్రాంతభాషలలో సమానపదములతోను ఒక చిన్న అట్టను అచ్చువేయించుట కష్టము కాదు. మన కుటుంబములలో ఫిజియోథెరపీ చదివిన యువతీయువకులు నేడు లేకపోలేదు. వారు తమ తమ శాఖల కార్యదర్శులకు పేర్లు తెలుపవలెనని కోరుచున్నాము.