మేం ట్రెక్కింగ్‌కు పోలేదు సార్, ఇప్పపువ్వుకు పోయినం

పోస్టు పొడుగైంది, ఓపిక పట్టండి. నాలుగు రోజులుగా హాస్టల్ గదిలో మేం ఆరుగురం మాట్లాడుకున్నది, కొంత కొట్లాడుకున్నది కూడా, కలిపి రాస్తున్నాం.

మొన్న ఒక వీడియో మీ అందరికీ వచ్చే ఉంటది. సిటీ నుంచి వచ్చిన నలుగురు కుర్రాళ్లు గుట్ట ఎక్కుతుంటే దూరంగా గుడ్డెలుగు కనబడ్డది. అది చెదల పుట్ట తవ్వుకుంటున్నది, వీళ్ల వైపు చూడను కూడా చూడలేదు. వీళ్లు ఫోన్లు తీసిండ్రు, గుసగుసలాడిండ్రు, మెల్లగా వెనక్కి వచ్చిండ్రు. ఇక చూడండి, 'సూపర్ బ్రో', 'ధైర్యం అంటే ఇదీ' అని ఒకటే పొగడ్తలు. మంచిదే. క్షేమంగా వచ్చిండ్రు, మాకూ సంతోషమే. మాలో ఇద్దరు లైకు కూడా కొట్టిండ్రు, దాచేదేం లేదు.

పోయిన ఎండాకాలం మాలో ఒకరి పెద్దమ్మకు కూడా గుడ్డెలుగు ఎదురైంది. తెల్లారకముందే గంప, టార్చిలైటు పట్టుకొని ఇంకో ముగ్గురు ఆడోళ్లతో ఇప్పచెట్ల కాడికి పోయింది. తలొక చెట్టు కిందికి పోయిండ్రు. పెద్దమ్మ వంగి పువ్వు ఏరుతున్నది. చెట్టుకు అవతలి పక్క అదీ తల వంచుకొని పువ్వే తింటున్నది. దాన్ని ఈమె చూడలేదు, ఈమెను అది చూడలేదు. చూసుకునేసరికి ఇద్దరి మధ్య నాలుగు అడుగులు. కనుబొమ్మ నుంచి దవడ దాకా గోళ్లు దిగినయి. మిగిలినోళ్లు అరుస్తూ గంపలు కొడుతూ ఉరికొస్తే అది వదిలిపోయింది. మంచం మీద మోసుకొని రోడ్డుకు తెచ్చి, అక్కడి నుంచి ఆటో, ఆ తర్వాత పెద్దాసుపత్రి.

మూడో రోజు కాగితాలు రాసుకోవడానికి వచ్చిన సారు అడిగిన మొదటి ప్రశ్న: "అంత పొద్దుగాల అడవిలోకి ఎందుకు పోయినవమ్మా? ఎవరిని అడిగి పోయినవు?"

మూతి మీద కట్టు ఉంది, పెద్దమ్మ జవాబు చెప్పలేకపోయింది. అందుకని మేం చెప్తున్నాం.

సార్, ఇప్పపువ్వు రాత్రి నుంచి తెల్లవారుజాము దాకా రాలుతుంది. మీ ఆఫీసు తెరిచే టైముకు రాలదు. పొద్దెక్కేదాకా ఆగితే పశువులు, జింకలు తినిపోతయి, మిగిలింది ఎండకు వాడిపోతది. ఈ పువ్వు గుడ్డెలుక్కూ ఇష్టమే. దానికి పై దవడలో ముందరి పళ్లు రెండు ఉండవు, ఆ సందులోంచే చెదలు పీల్చుకుంటుంది. ఎండాకాలం రాగానే ఇప్పపువ్వు, తునికిపండ్ల కోసం చెట్ల కిందికి చేరుతుంది. చలికాలంలో ఈనిన తల్లి పిల్లల్ని వీపు మీద ఎక్కించుకొని తిరిగేదీ ఈ రోజుల్లోనే. చూపు తక్కువ. తల వంచి తినేటప్పుడు దానికి లోకం పట్టదు. హఠాత్తుగా మనిషి కనబడితే పారిపోయే బదులు మీద పడుతుంది. అంటే ఏమిటి? దాని ఆకలి, మా ఆకలి ఒకే చెట్టు కింద, ఒకే గంటలో కలుస్తున్నయి. ఇది సాహసం కాదు, తప్పు అసలే కాదు. బతుకుదెరువు.

బోర్డుల మీద సలహాలు రాసి పెడుతరు. తెల్లవారకముందు, చీకటి పడ్డాక తిరగొద్దు, గుంపుగా పోండి, చప్పుడు చేస్తూ నడవండి అని. ట్రెక్కింగ్‌కు వచ్చేవాళ్లకు అవి చాలా మంచి మాటలు, మేమూ అవే చెప్తాం. ఎదురైతే ఉరకొద్దు, అది మనకంటే వేగం. చెట్టెక్కితే లాభం లేదు, అదీ ఎక్కుతుంది. కానీ చూడడానికి వచ్చినవాడు పది గంటలకు రావచ్చు, వచ్చే ఏడు రావచ్చు, అసలు రాకపోవచ్చు. ఏరుకోవడానికి పోయే మనిషికి ఆ వీలు లేదు. గుంపుగా పోతరు, నిజమే. పోయినాక తలొక చెట్టు చూసుకోవాల్సిందే, నలుగురు ఒకే చెట్టు కింద ఏరితే నలుగురి గంపలూ నిండవు.

ఇదేదో ఒక పెద్దమ్మ కథ అనుకునేవాళ్లకు ఒక లెక్క. అప్పటి మధ్యప్రదేశ్‌లో, అంటే గోదావరి అవతల మన చుట్టాలుండే ఇప్పటి ఛత్తీస్‌గఢ్ కూడా కలిసున్న రాష్ట్రంలో, 1989 ఏప్రిల్ నుంచి 1994 మార్చి వరకు 735 మంది మీద ఎలుగులు దాడి చేసినయని పరిశోధకులు లెక్క కట్టిండ్రు. చనిపోయింది 48 మంది. మిగతా 687 మంది బతికిండ్రు. ఎట్లా బతికిండ్రో అడగండి. గుడ్డెలుగు ఎక్కువగా తల మీద, ముఖం మీదే కొడుతుంది.

ఇక "ఎవరిని అడిగి పోయినవు" అన్నదానికి జవాబు. 2006 అటవీ హక్కుల చట్టం, సెక్షన్ 3(1)(సి). సంప్రదాయంగా ఏరుకునే చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద, ఊరి హద్దు లోపలైనా బయటైనా, మనకు యాజమాన్య హక్కు ఉంది. సేకరించే హక్కు, వాడుకునే హక్కు, అమ్ముకునే హక్కు. తేనె, తునికాకు పేర్లతో సహా రాసి ఉన్నయి. అడవిలోకి ఎందుకు పోయినవని అడగడం, పొలానికి ఎందుకు పోయినవని రైతును అడిగినట్టే.

2023 జూలైలో మన ములుగు జిల్లా ముత్యాలధార జలపాతం చూడడానికి పోయిన 80 మంది దాకా వాగు పొంగి అడవిలో చిక్కుబడ్డరు. రాత్రికి రాత్రి బలగాలు పోయి కాపాడినయి. కాపాడాలి, కాపాడిండ్రు, దాంట్లో మాకు ఏ కంట్లో నలుసూ లేదు. ఆ రాత్రి కదిలిన యంత్రాంగంలో పదో వంతు మా పెద్దమ్మ కోసం కదలదు ఎందుకన్నదే మా పేచీ.

కేంద్రం 2023 డిసెంబరులో తన పథకాల కింద పరిహారం పెంచింది. మరణానికి 10 లక్షలు, తీవ్రగాయానికి 2 లక్షలు, చిన్న గాయమైతే వైద్యం ఖర్చు 25 వేల దాకా. కాగితం మీద బాగానే ఉంది. ఇప్పుడు "అనుమతి లేకుండా అడవిలోకి వెళ్లగా" అనే ఒక్క ముక్క రిపోర్టులో చేరితే ఆ ఫైలు ఎక్కడ ఆగుతుందో ఊహించుకోండి. పెద్దమ్మ ఫైలులో ఆ ముక్క చేరింది.

కోపం గుడ్డెలుగు మీద చూపించొద్దు. మన గ్రూపులోనే ఒక తమ్ముడు "కరెంటు తీగ పెడితే పోలా" అన్నాడు. వద్దు తమ్ముడూ. పందికి పెట్టిన తీగకే ఎలుగులు, పశువులు, చివరికి మన మనుషులు పోతున్నరు. అది షెడ్యూల్ 1 జంతువు, జైలు నీకే. 2022 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా కిడిసింగి దగ్గర ఒక ఎలుగు ఒక మనిషిని చంపి కొందరిని గాయపరిచింది, పట్టుకొని విశాఖ జూకు తీసుకుపోతుంటే అదీ చచ్చిపోయింది. ఎవరికేం ఒరిగింది? ఇప్పచెట్టు కింద ఆకు కాల్చే అలవాటు మీద కూడా మనం ఇంట్లో మాట్లాడాలె. ఆ నిప్పు చెట్టు కిందనే ఆగదు. ఈ మాట అంటే మా నాయనలకు కోపం వస్తది, వచ్చినా సరే.

ఛత్తీస్‌గఢ్‌లో కొన్ని చోట్ల చెట్టు కింద నేలకు పైన వలలు కడుతున్నరు. పువ్వు వలలో పడితే కాల్చే పని ఉండదు, చీకట్లో వంగే పని తగ్గుతుంది. మన దగ్గర ఊరికి పది వలలు ఇయ్యలేరా? ఈసారి గ్రామసభలో వలల తీర్మానం రాయిద్దాం, దెబ్బతిన్నవాళ్ల పేర్లూ రాయిద్దాం. మీ ఊళ్లలో ఎవరికైనా ఇట్లా జరిగి ఉంటే ఆసుపత్రి కాగితం, ఫొటో, తేదీ జాగ్రత్త పెట్టండి. సెలవులకు వచ్చినప్పుడు అర్జీ మేం రాసిపెడతాం.

పెద్దమ్మ ఈ ఏడు కూడా ఇప్పకు పోయింది. ఎడమ కన్ను సరిగ్గా మూతపడదు. మనవణ్ని వెంట తీసుకపోతున్నది. వాడి పని పువ్వు ఏరడం కాదు, చెట్టు చుట్టూ తిరుగుతూ స్టీలు పళ్లెం కొట్టడం. వాడు మూడో తరగతి, ఇప్పపువ్వు రాలినన్ని రోజులూ బడికి పోవట్లేదు.