ముందు వినవలెను, పిమ్మట విప్పవలెను

పాత కారు నిలిచిన చోట నేలపై చమురు మరక కనబడగానే ఇంజను చెడిపోయినదని బెంగపడుటయు, బానెట్టు క్రిందినుండి ఇదివరకు లేని చప్పుడు వినబడగానే మొత్తము విప్పించివేయుటయు మనలో చాలమందికి అలవాటైపోయినది. రామచంద్రపురములో గాని, మండపేట దారిలో గాని ఏదైన షెడ్డు ముందర కాసేపు నిలిచినచో ఈ సంగతి తెలియును. బండి దిగిన ఆసామి మొదట ‘ఎంతవుతుంది?’ అని అడుగునే గాని, చమురు ఎక్కడ కారుచున్నది, చప్పుడు ఎప్పుడు పుట్టుచున్నది అని విచారింపడు. పాతబండ్లను అకాలముగా తుక్కునకు పంపుచున్నది ఈ తొందరయే యని నా నిశ్చితాభిప్రాయము. మరకయు చప్పుడును సాక్ష్యములు మాత్రమే. వానిని ఓపికతో విచారించు పనికి మనము మూల్యము చెల్లింపనంతకాలము ఆ పని తెలిసినవారు మనకు మిగులరు.

ఈ విచారణను నేర్చుటకు అంబాసిడరు కంటె తగిన బండి లేదు. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి నమూనాను గైకొని, హిందుస్థాన్ మోటార్స్ వారు కలకత్తా చెంతనున్న ఉత్తరపాడ కర్మాగారమున 1950ల చివర నిర్మింపనారంభించి 2014 వరకు తయారు చేసిన ఈ కారు, మన ప్రాంతమున పెండ్లివారిని, ద్రాక్షారామ భీమేశ్వరుని దర్శింపవచ్చిన యాత్రికులను, కాకినాడ ఆసుపత్రులకు పోవు రోగులను దశాబ్దములపాటు మోసినది. 1959లో దానికి అమర్చిన 1489 సి.సి. పెట్రోలు ఇంజనులో నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు, పైన రాకర్లు, వానిని క్రిందినుండి ఎత్తు పొడవైన పుష్‌రాడ్లు కలవు. ఎలక్ట్రానిక్ యంత్రాంగమేదియు లేనందున దాని ప్రతి దోషమును కంటికో, చెవికో, వ్రేలికో చిక్కక తప్పదు.

చమురు పుట్టిన చోటు ఒకటి, నేలపై పడిన చోటు మరియొకటి. కారు పోవుచుండగా ఎదురుగాలి చమురును వెనుకకు తరుముటయు, అది తన బరువున క్రిందికి జారుటయు సహజము గనుక, తడిసిన భాగములన్నిటిలో మిక్కిలి పైనను, మిక్కిలి ముందునను ఉన్నదే జన్మస్థానమని తొలుత అనుమానింపవలెను. ఇంజనును కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరిన పిమ్మట అనుమానమున్న అతుకులపై ముఖమునకు రాచుకొను పౌడరు చల్లి, స్లోలో నడిపి వేడెక్కనిచ్చినచో, తెల్లని పౌడరుపై నల్లని చార ఒకటి సన్నగా దిగివచ్చి తావును తానే చూపును. చుక్క ఇంజను ఆయిలుదో, బ్రేకు ఆయిలుదో తెలియనప్పుడు గిన్నెడు నీటిలో వేసి చూచిన చాలును: బ్రేకు ఆయిలు కలిసిపోవును, ఇంజను ఆయిలు తేలును.

తరచుగా దొరకు దోషి టాపెట్ కవరు ప్యాకింగు. వేడికి ఎండి పెళుసెక్కిన ఆ బెండు ప్యాకింగునుండి కారిన చమురు సైలెన్సరు గొట్టముపై పడి మాడువాసన పుట్టించును. దానిని ఆపవలెనని నట్టును బలముగా బిగించినచో రేకు కవరు వంగి, కారుట ఇంకను హెచ్చును. ప్యాకింగులన్నియు మార్చినను అన్ని అతుకులనుండియు చెమర్చుచున్నచో, చూడవలసినది ప్యాకింగును కాదు, బ్రీదరు గొట్టమును. అరిగిన రింగుల ప్రక్కనుండి ఇంజను అడుగు చాంబరులోనికి దిగిన వాయువులు వెలికి పోవు దారి మసితో పూడుకొనిపోయినప్పుడు, లోపలి ఒత్తిడి చమురును దొరకిన ప్రతి సందునుండియు నెట్టును. అతి స్వల్పమైన ఆ శుభ్రత చేయక, సీలు వెంట సీలు మార్చుచు పోవుట ధనవ్యయమే.

ఆ పాత ఇంజను క్రాంకుషాఫ్టు వెనుక కొసన రబ్బరు సీలు లేదన్న సంగతి తెలియక భయపడువారు పెక్కుమంది. షాఫ్టుపైననే చెక్కిన మరచుట్టు, తిరుగునప్పుడు చమురును మరల చాంబరులోనికి త్రోయును. షాఫ్టు ఆగినచో ఆ పనియు ఆగును. కోటిపల్లి రేవున పంటు ఎక్కి గౌతమిని దాటి, ఆవల ముక్తేశ్వరమువైపు గట్టునెక్కు చోట ముక్కు పైకెత్తి నిలిపిన బండిలో చమురు వెనుకకు చేరి, క్లచ్ హౌసింగు అడుగున నాలుగు చుక్కలు రాలినంతమాత్రమున ఇంజను దింపనక్కరలేదు. చదునైన నేలపై నిలిపినను మడుగు కట్టుచున్నప్పుడు, లేక చమురు తగిలి క్లచ్చి జారుచున్నప్పుడు మాత్రమే ఆ పెద్దపని ఆలోచింపవలెను.

చప్పుళ్ల విషయమున చెవికి తోడు లెక్కయు కావలెను. కామ్‌షాఫ్టు క్రాంకుషాఫ్టులో సగము వేగముననే తిరుగును గనుక, ఇంజను వేగములో సగము లయతో సన్నగా టిక్కుటిక్కుమను ధ్వని టాపెట్లదని ఎక్కువగా నమ్మవచ్చును. రాకరునకు వాల్వునకు నడుమ నుండవలసిన సందు అంగుళములో వెయ్యింట పదిహేను వంతులు. ఫీలర్ గేజితో దానిని సరిచేసినచో ధ్వని అణగును. చల్లని ఇంజనులో మ్రోగి వేడెక్కగా మాయమగునది పిస్టను అరుగుదల. దానితో చాలకాలము నడపవచ్చును. బరువు లాగునప్పుడు, లేక యాక్సిలరేటరు వదలిన క్షణమున, లోతునుండి టకటకమని కొట్టునది కనెక్టింగు రాడ్డు బేరింగు. నాలుగు ప్లగ్గు వైర్లను ఒక్కొక్కటిగా తీసి చూచినప్పుడు ఏ సిలిండరు వైరు తీయగా ఆ దెబ్బ తగ్గునో దోషమక్కడనే యున్నది. ఇట్టిది వినబడి, ఆయిలు ఒత్తిడియు పడిపోయినప్పుడు మరి ఒక్క మైలును నడపరాదు.

ఇటీవల మా వీధి మాస్టారి బండికి గరగరమను చప్పుడు పట్టుకొన్నది. వేరొక ఊరి షెడ్డులో ఇంజను బోరుకు వచ్చినదని తేల్చివేసిరి. మా ఊరి మెకానిక్కు ఇంజను ఆడించి, పొడవైన స్క్రూడ్రైవరు మొనను బ్లాకునకు నాలుగుచోట్ల ఆనించి, కొయ్యపిడిని చెవికి చేర్చి, కన్నులు మూసి విని, ఇంజను ఆపించెను. “మాస్టారూ, బెల్టు తీసి చూద్దావండి. అప్పుడు మోగకపోతే ఇంజనుది కాదండి” అనెను. ఫ్యాన్ బెల్టు తీసి అరనిమిషము నడుపగా చప్పుడు లేదు. ఆపి, వాటరు పంపు పుల్లీని రెండు వ్రేళ్లతో పట్టి కదల్చగా అది అటునిటు ఊగెను. పంపు మార్చుటతో పని ముగిసినది. బిల్లులో పంపు ధరయు, బిగింపు కూలియు ఉన్నవి. విన్న చెవికి మాత్రము కాణీ లేదు.

నా బాధ ఇక్కడనే ఉన్నది. వైద్యుడు నాడి చూచి మందక్కరలేదని చెప్పినను శుల్కము చెల్లించి వచ్చు మనము, మెకానిక్కు పరీక్షించి ‘ఏమీ లేదండి’ అన్నచో చేయి దులుపుకొని పోదుము. విప్పినగాని కూలి దొరకనివాడు విప్పక యేమి చేయును? పరీక్షకు వేరుగా ఇచ్చినచో పేద యజమానిపై రెండు ఖర్చులు పడునని వాదింతురు. కాని అనవసరముగా ఇంజను విప్పుటకంటె పెద్ద ఖర్చు లేదు: స్థిరపడిన అతుకులు కదలును, పాత బోల్టుల మరలు చెడును, మునుపు కారని చోట క్రొత్తగా కారును. కంప్యూటరు తగిలించి దోషసంఖ్య చదువు నేటి కార్లకును ఈ విద్య అక్కరలేదనరాదు. ఆ సంఖ్య లక్షణమును తెలుపునే గాని, ఆ లక్షణమునకు మూలమును మనుష్యుడే వెదకవలెను. షెడ్డులో చేరిన కుర్రవాడు సామాను మార్చుటకే డబ్బు వచ్చునని చూచినచో, వినుట ఏల నేర్చును?

మరియొక మాట. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైన నాటినుండి మన పొలములకు ప్రాణము పోయుచున్నవి దాని కాలువలు. కారిన చమురును, మార్చిన పాత ఆయిలును మురుగుద్వారా వానిలోనికి విడుచుట అపచారము. పలుచని పొరయై నీటిపై చాలదూరము పరచుకొను ఆ ఆయిలును డబ్బాలో పట్టి, తిరిగి శుద్ధిచేయు వారికి చేరునట్లు అప్పగింపవలెను.

కావున పాతబండి గల ప్రతివారిని కోరునదేమనగా: షెడ్డునకు పోయినప్పుడు చప్పుడు చల్లనప్పుడో వేడియైనప్పుడో, చుక్క ఏ చక్రము వైపు పడుచున్నదో మీరు చూచినదంతయు ముందు చెప్పుడు, పరీక్షకింత యని ముందే ఒప్పుకొని, దోషము తేలినను తేలకున్నను ఆ సొమ్ము చెల్లింపుడు, తేలిన పిమ్మటనే విప్పనిండు. షెడ్లవారును తమ ధరల పట్టికలో మొదటి పంక్తిగా పరీక్షా శుల్కమును వ్రాయవలెను.