డిస్కు పోలేదు బాబూ, లైసెన్సు లేదు

"డీవీడీ ఆడట్లేదురా" అని ఇంటి నుంచి ఫోనొస్తే మన సాఫ్టువేరు జనం చెప్పే సమాధానాలు మూడే. డిస్కు తుడిచి పెట్టండి. వీఎల్‌సీ వేసుకోండి. ఈ రోజుల్లో ఇంకా డీవీడీలేంటి, పారేయండి. మొదటి రెండూ పర్లేదు. మూడోది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

మాది మాచర్ల. 2005కీ 2012కీ మధ్య పెళ్లిళ్లయిన మా చుట్టాల ఇళ్లలో ఏ బీరువా తెరిచినా పట్టుచీరల పక్కన పెళ్లి డీవీడీల పెట్టె కనబడుతుంది. మన జేజెమ్మా తాతయ్యా నడుస్తూ, మాట్లాడుతూ, వడ్డన దగ్గర కేకలేస్తూ కనిపించేది ఇప్పుడు ఆ డిస్కుల్లోనే. మొన్నామధ్య మా బాబాయి కొత్త లాప్‌టాప్‌కి బయటి డ్రైవొకటి తగిలించి వాళ్లమ్మాయి పెళ్లి డిస్కు వేశాడు. ఆడలేదు. రిపేరు కుర్రాణ్ణి పిలిస్తే "పాతది కదండీ, డిస్కు పోయింది" అని తేల్చేశాడు. దాంతో మిగతా నాలుగూ పాత సామాన్లవాడి సంచిలోకి వెళ్లబోయాయి.

డిస్కు నిక్షేపంగా ఉంది. లేనిది కంప్యూటర్లో డీకోడరు.

డీవీడీలో బొమ్మ ఎంపెగ్-2 పద్ధతిలో ఉంటుంది. దాన్ని విప్పే సాఫ్టువేరుకి అప్పట్లో పేటెంట్ల రుసుము కట్టాల్సి వచ్చేది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో అది లేదు. డ్రైవుతో పాటు ఓ సీడీ ఇచ్చేవాళ్లు గుర్తుందా, పవర్ డీవీడీయో విన్ డీవీడీయో ఉండేది, అందులోంచి వచ్చేది. విండోస్ 7లో పెట్టారు, కానీ హోమ్ ప్రీమియం నుంచి పైవాటికే; చవక రకాలైన స్టార్టర్‌కీ, హోమ్ బేసిక్‌కీ లేదు. 2012లో విండోస్ 8 నుంచి మళ్లీ తీసేశారు. జనం ఆన్‌లైన్లో చూస్తున్నారు, ప్రతి కంప్యూటరుకీ రుసుము దండగ అన్నారు. విండోస్ 10 వచ్చాక డీవీడీ చూపించే చిన్న యాప్‌ని అమెరికాలో దాదాపు 15 డాలర్లకి అమ్మారు. ఆ ఎంపెగ్-2 పేటెంట్లలో అమెరికాకి సంబంధించిన చివరిది 2018లో తీరిపోయింది. పేటెంట్లకి కాలం తీరింది గానీ మా బాబాయి లాప్‌టాప్‌కి అది రాలేదు.

"వ్యాపారం కదా, ఎవరూ వాడనిది తీసేస్తే తప్పేంటి?" అంటారు. తీసేయండి. కానీ లైసెన్సు లెక్కల్లో తీసేసినదానికి నింద డిస్కు మీదా, పెద్దవాళ్ల మీదా పడుతోంది, అదీ నా బాధ. "నాకు ఈ కంప్యూటర్లు చేతకావురా" అంటాడు మా బాబాయి. ఆయనకి చేతకానిదేం లేదు, ముప్పై ఏళ్లు నాపరాళ్ల వ్యాపారం లెక్కలు నోటితో చేసిన మనిషి.

పెళ్లి డిస్కులకి ఉన్నది ఈ ఒక్క అడ్డే. కొనుక్కున్న సినిమాలకైతే ఇంకో రెండు తాళాలు. ఒకటి సీఎస్‌ఎస్ అనే 40 బిట్ల గుప్తీకరణ. 1999లో డీసీఎస్‌ఎస్ అనే ప్రోగ్రాముతో అది బట్టబయలైంది. నార్వే కుర్రాడు యాన్ యోహాన్సన్ మీద కేసు పెడితే 2003లో కోర్టు నిర్దోషి అంది. రెండోది ప్రాంతాల విభజన. అమెరికాలో ఉన్న కొడుకుది ఒకటో ప్రాంతం, దుబాయ్‌లో ఉన్న తమ్ముడిది రెండోది, మాచర్లలో ఉన్న అమ్మానాన్నలది అయిదోది. అన్ని కులాల వాళ్లనీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టాడని చెప్పుకునే ఊళ్లో, ఒకే కుటుంబానికి మూడు విస్తళ్లు, మూడు గదులు! (మన తెలుగు సినిమా డీవీడీల్లో చాలావాటికి ఈ గొడవ లేదు, అది వేరే సంగతి.)

డ్రైవు ప్రాంతాన్ని అయిదుసార్లే మార్చుకోవచ్చు. ఆ లెక్క డ్రైవులోనే రాసుంటుంది, కాబట్టి కంప్యూటరు ఫార్మాట్ చేసినా చెరగదు. ఇది తెలియక "ఫార్మాట్ కొడితే సరిపోద్ది" అని ఫొటోలన్నీ తుడిచిపెట్టే మహానుభావులున్నారు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

వీఎల్‌సీ ఎందుకు పనిచేస్తుందంటే, పారిస్‌లో విద్యార్థులు మొదలుపెట్టిన ఆ ప్లేయరు తన డీకోడర్లు తనే మోసుకొస్తుంది. విండోస్‌ని అడగదు. కాబట్టి కోడెక్ ప్యాకంటూ ఊరూ పేరూ లేని సైట్లనించి ఏదీ దించుకోనక్కర్లేదు. "తాళం తీయడం నేరం కాదా?" అనే ధర్మసందేహం ఉన్నవాళ్లకి: 2012 సవరణతో మన కాపీరైటు చట్టంలో వచ్చిన 65ఎ సెక్షను, హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం పగలగొట్టినవాడి గురించి మాట్లాడుతుంది. మన పెళ్లి డిస్కుకైతే అసలు తాళమే లేదు.

అందుకని ఈసారి ఫోనొస్తే ముందు ఒక్కటడగండి: డ్రైవు తెరిస్తే వీడియో టీఎస్ అనే ఫోల్డరు కనబడుతోందా? కనబడితే తప్పు డీకోడరుదే అయ్యుంటుంది. వీఎల్‌సీలో కూడా ఒకే చోట ఆగిపోతుంటే అది గీత. ఏమీ కనబడకపోతే ఇంకో డ్రైవులో పెట్టి చూడమనండి. పాత డ్రైవుల కళ్లు మసకబారతాయి, ఒకటి చదవనిది ఇంకోటి చదువుతుంది. అంతవరకూ డిస్కు పోయిందని ఎవరన్నా నమ్మకండి.

ఆలస్యం మాత్రం చేయకండి. పెళ్లి డిస్కులు అచ్చేసినవి కావు, రంగుపొర మీద కాల్చి రాసినవి. పల్నాడు ఎండల్లో ఆ రంగు ఎన్నాళ్లుంటుందో దానికి గ్యారంటీ కార్డు లేదు. వీడియో టీఎస్ ఫోల్డరు మొత్తం ఉన్నదున్నట్టు కాపీ చేయండి. ఫోన్లో చూడ్డానికి కావాలంటే హ్యాండ్‌బ్రేక్‌తో ఎంపీ4 చేసుకోండి, కానీ ఆ అసలు ఫైళ్లు తీసేయొద్దు. డిస్కుకి 4.7 జీబీ అనుకున్నా 64 జీబీ పెన్‌డ్రైవులో పదమూడు పడతాయి. ఒకటి మీ దగ్గర, ఒకటి ఊళ్లో.