మా ఆట మీద పందెం వద్దు: తుంగతుర్తి ఆటగాళ్ల ప్రణాళిక

వరి కోసిన మడిలో వికెట్లు పాతి టెన్నిస్ బంతితో ఆడేవాళ్లం, బడి గ్రౌండులో సున్నం గీసి కబడ్డీ కూత పెట్టేవాళ్లం, అంపైర్లుగా నిలబడేవాళ్లం, స్కోరు రాసేవాళ్లం కలిసి తుంగతుర్తిలో రాసుకున్న మాట ఇది. మా ఆట మీద పైసా పందెం మేం కాయం, ఎవరినీ కాయనివ్వం.

లాంగాన్‌లో నిలబడ్డ పిల్లవాడి చేతుల్లోంచి క్యాచ్ జారిందనుకోండి. ఎండ కళ్లలో పడింది, బంతి గాలికి పక్కకు పోయింది, జారింది. ఇదివరకు "పోనీ తమ్మీ, తర్వాతది పట్టు" అనేవారు. ఇప్పుడు గట్టు మీదివాళ్లు "ఎంత తీసుకున్నవ్‌రా?" అంటున్నారు. తీసుకోలేదని ఆ పిల్లవాడు ఏం చూపించి రుజువు చేసుకోవాలి? అజహరుద్దీన్ మీద 2000లో బీసీసీఐ వేసిన జీవితకాల నిషేధం చెల్లదని హైకోర్టు చెప్పేసరికి 2012 వచ్చింది. అంత పెద్ద ఆటగాడికే పన్నెండేళ్లు పడితే మా ఊరి పిల్లవాడు ఏ కోర్టుకు పోతాడు?

ఊరి ఆటను ఎవరు పట్టించుకుంటారనే వారికి గుజరాత్‌లోని మోలిపూర్‌ను చూపిస్తాం. 2022లో అక్కడి పొలంలో ఐపీఎల్ పేరుతో దొంగ టోర్నీ పెట్టారు. కూలీలకు మ్యాచ్‌కు 400 రూపాయలిచ్చి జెర్సీలు తొడిగించారు, యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు, రష్యాలో ఉన్నవాళ్లచేత పందేలు కట్టించారు. ఫోరా, సిక్సా అన్నది అంపైరుకు వాకీటాకీలో అందేది. మా టోర్నీలూ ఇప్పుడు ఫోన్లో లైవ్ వస్తున్నాయి. లింకు పందేల గ్రూపుల్లోకి వెళ్లిందని తెలిస్తే ఆ నిమిషమే కెమెరా ఆపేస్తాం.

బెట్టింగ్ ఐడీలు అమ్మేవాడు ప్రైజ్‌మనీ ఇస్తానన్నా తీసుకోం. ఫ్లెక్సీ మీద వాడి ఫొటో ఉండదు. కప్పు లేకపోతే లేకపోయింది. జట్టులో ఎవరున్నారు, ఎవరి భుజం నొప్పిగా ఉంది, పిచ్ తడిగా ఉందా అని టాస్‌కు ముందు ఫోన్ వస్తే, అడిగింది సొంత బావమరిదైనా చెప్పం.

తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంలో డబ్బు ఆటలు నడిపేవారికి మూడేళ్ల వరకు, ప్రచారం చేసేవారికి రెండేళ్ల వరకు జైలు ఉంది. అయినా కొత్త పేరుతో కొత్త లింకు వాట్సాప్‌లో దిగుతూనే ఉంది. సంక్రాంతికి కోదాడ దాటి కోడిపందేలకు పోయే పెద్దలు ఆ లింకు నొక్కవద్దని పిల్లలకు చెప్పలేరు. ఈ కాగితం మీద సంతకం పెట్టే పెద్దలు ఆ బరుల దగ్గరికీ పోకూడదు.

మేం అన్నిటికంటే ఎక్కువసేపు మాట్లాడుకున్నది బాకీపడ్డ ఆటగాడి గురించి. బుకీ ముందు అప్పు ఎక్కనిస్తాడు, తర్వాత "ఒక్క నోబాల్ వెయ్యి, లెక్క కొట్టేస్తా" అంటాడు. ఆ ఫోన్ వచ్చిందని మాతో చెప్పుకున్నవాణ్ని జట్టులోంచి తీయం, ఊళ్లో పరువు తీయం. వాళ్ల అమ్మానాయనలతో మేమే వెళ్లి మాట్లాడతాం. మోసపోయి డబ్బు పోతే 1930కి, మనసు కుంగితే టెలీమానస్ 14416కి పక్కన కూర్చొని ఫోన్ చేయిస్తాం. అప్పు భయంతో ఎవరూ ప్రాణం మీదికి తెచ్చుకోకూడదు.

డబ్బు తీసుకొని ఆట అమ్మినవాడు మాత్రం, ఎంత మంచి బౌలరైనా, ఎవరి కొడుకైనా, మా టోర్నీల్లో మళ్లీ బంతి పట్టడు. అలా తేల్చే ముందు అంపైర్లు, రెండు జట్ల కెప్టెన్ల ఎదుట అతని మాట వింటాం. గట్టు మీది పుకారును సాక్ష్యంగా తీసుకోం.

వచ్చే టోర్నీ ఎంట్రీ ఫారం వెనుక ఈ ప్రణాళికను అచ్చు వేస్తాం. కెప్టెన్ ఒక్కడి సంతకం చాలదు. పదకొండు మందీ, అంపైర్లూ, లైవ్ పెట్టే అబ్బాయీ చేశాకే టాస్ వేస్తాం.