చెల్లాచెదురైన బొమ్మ

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ కేంద్రాలకు పేరుపొందిన ప్రాంతం. అక్కడినుండి ఎల్బీనగర్ దిశగా సాగే రహదారి వెంట ర్యాంకులను చాటే ప్రకటనలు కనబడుతూనే ఉంటాయి. ఇటువంటి వాతావరణంలో క్రిస్మస్ సెలవులు సైతం విద్యార్థికి మరో పరీక్షకు సన్నాహంగా మారుతున్నాయి. ఫలాపేక్ష లేని వ్యాపకం అతనికి అత్యవసరం. ముక్కలను చేర్చి బొమ్మను పూర్తిచేసే జిగ్‌సా పజిల్ అటువంటిది.

దీని పుట్టుక కూడా చదువుతో ముడిపడినదే. 1760వ దశకంలో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ దేశపటాలను చెక్కపై అతికించి, సరిహద్దుల వెంట కోసి, భూగోళశాస్త్ర బోధనకై విక్రయించాడు. పాఠంగా పుట్టినది క్రమంగా వినోదమైంది.

పాతకాలపు ఆవిరి రైలుబండి చిత్రాన్ని చాపపై ముక్కలుగా పరచినప్పుడు ఇల్లంతా చుట్టూ చేరుతుంది. ఇంజను రూపుదిద్దుకొనేకొద్దీ తాతగారికి తన తొలి ప్రయాణం జ్ఞప్తికి వస్తుంది. మనుమరాలు ముక్కలు వెదకుతూనే ఆ ముచ్చట వింటుంది. బొమ్మతోపాటు ఒక కుటుంబగాథ కూడా పూర్తవుతుంది.

ఇది కాలహరణమని కొందరు ఆక్షేపించవచ్చు. కాని ఇక్కడ పొరపాటుకు మార్కులు తగ్గవు, ఆలస్యానికి ర్యాంకు పోదు. ఇమడని ముక్కను తీసి మరొకచోట పెట్టి చూడవచ్చు. తప్పును నిర్భయంగా దిద్దుకోవడమే విద్యకు పునాది. దానిని నేర్పే గంట ఎన్నటికీ వృథా కాదు.